నోటు మీద ఎవరుండాలి?

1947 ఆగస్టు 15న దేశం స్వతంత్రమైంది. ఆ తెల్లవారి అంగడికి వెళ్ళి ఉప్పో పప్పో కొన్న మనిషి చేతిలోని నోటు మీద మాత్రం ఆరో జార్జి చక్రవర్తి కిరీటం పెట్టుకుని అలాగే ఉన్నాడు. జెండా ఒక్క రాత్రిలో మారింది. జేబులోని కాగితం మారడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ నోటు మీద సంతకం భారతీయుడిది. 1943 నుంచి 1949 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడు. తర్వాతి కాలంలో రాజమండ్రిలో పుట్టిన మన దుర్గాబాయమ్మను పెళ్ళాడి తెలుగువారి అల్లుడయ్యారు. సంతకం మనవాడిది, బొమ్మ పరాయి రాజుది. అదీ అప్పటి మన నోటు.

రాజు బొమ్మ పోవాలన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఆ ఖాళీలో ఎవరిని పెట్టాలన్నదే ప్రశ్న. దానికి మన దేశం 1949లో ఒక జవాబు చెప్పింది, 1996లో మరో జవాబు చెప్పింది. రెండూ ఆలోచించి చెప్పిన జవాబులే. మొదటిది మనలో చాలామందికి తెలియదు. రెండోది ఎప్పుడూ ఉన్నదే అనుకుంటాం.

మన సంఘానికి యాభై ఏళ్ళు నిండిన ఈ సంచికకు ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. మన బడిలో చదివిన ఒక్కో తరం ఒక్కో రకం నోటు పట్టుకుని పెరిగింది. తొలి బ్యాచ్‌లవారు పరీక్ష ఫీజు కట్టిన నోట్ల మీద సింహాలున్నాయి. ఎనభైల్లో చదివినవారు ఆర్యభట్ట ఉపగ్రహం ఉన్న రెండు రూపాయల నోటు పెట్టి ఐస్‌ఫ్రూట్ కొన్నారు. 1996 తర్వాత బడిలో చేరినవారికి నోటు అంటే గాంధీ తాతే. మన బ్యాచ్‌ల చరిత్ర పక్కన పెట్టి చదువుకుంటే నోట్ల చరిత్ర మరింత బాగా అర్థమవుతుంది.

రాణి బొమ్మ, రాజు బొమ్మ, బొమ్మ లేని నోటు

మన దేశంలో నోట్లు జారీ చేసే అధికారం పూర్తిగా ప్రభుత్వం చేతికి వచ్చింది 1861 నాటి చట్టంతో. అంతకు ముందు బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు ఎవరి నోట్లు వారు వేసుకునేవి. ప్రభుత్వం వేసిన తొలి నోట్ల మీద విక్టోరియా రాణి చిన్న బొమ్మ ఉండేది. అయితే దొంగనోట్లు విపరీతంగా రావడంతో వాటిని ఉపసంహరించి, 1867 నుంచి రాణి బొమ్మ లేని మరో రకం నోట్లు తెచ్చారు. అంటే మన దేశంలో నోటు మీద బొమ్మను మొదట గద్దె దించినవాడు దేశభక్తుడు కాదు, దొంగనోట్లవాడు! ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ముందుముందు మళ్ళీ అవసరమవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కొరత వచ్చి 1917లో తొలిసారి రూపాయి నోటు వేశారు. దాని మీద అయిదో జార్జి ముఖమున్న వెండి రూపాయి బొమ్మ అచ్చువేశారు. ఇది కాగితం కాదు, వెండి రూపాయే అనుకో అని జనానికి నచ్చజెప్పడం అన్నమాట. 1923లో పది రూపాయల నోటుతో మొదలై రాజు బొమ్మ నోట్ల మీద స్థిరపడింది. 1935లో ఏర్పడిన రిజర్వు బ్యాంకు తన తొలి నోటును, ఆరో జార్జి బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటును, 1938 జనవరిలో విడుదల చేసింది. తమాషా ఏమిటంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్ల మీద రాణి లేదా రాజు ముఖం మొదటిసారి కనిపించింది 1960లో. మన ప్రభుత్వ నోట్ల మీద విక్టోరియా రాణి దానికి తొంభై తొమ్మిదేళ్ళ ముందే వచ్చి కూర్చుంది. పాలించేవాడు ఎవరో పదేపదే గుర్తుచేయాల్సిన అవసరం ఎక్కడ ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇదే కాలంలో మన తెలుగు నేల మీదే ఇంకో పద్ధతి నడిచింది. హైదరాబాద్ సంస్థానం 1918లో సొంత కరెన్సీ చట్టం చేసుకుని ఉస్మానియా సిక్కా నోట్లు వేసింది. ఆ నోట్ల మీద నిజాం బొమ్మ లేదు. అందమైన ఉర్దూ లిపి, అల్లికలాంటి అంచులు, వాటితో పాటు ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు ఉండేవి. నాణెం మీద కూడా పాలకుడి ముఖానికి బదులు చార్మినార్ ఉండేది. తెలంగాణలోని పెద్దవాళ్ళ నోట హాలీ రూపాయి, కల్దారు రూపాయి అన్న మాటలు వినే ఉంటారు. హాలీ అంటే నిజాం రూపాయి, కల్దారు అంటే ఇంగ్లీషువారి రూపాయి. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. ఒక రాజు ముఖంతో, మరో రాజు ముఖం లేకుండా, రెండు డబ్బులూ చెల్లాయి. నోటు చెల్లడానికి ముఖం తప్పనిసరి కాదని మనవాళ్ళకు అనుభవం మీద తెలుసు.

గాంధీ ఉండాల్సిన చోట సింహాలు

స్వాతంత్ర్యం వచ్చాక రాజు స్థానంలో గాంధీజీ బొమ్మ పెట్టాలన్నదే మొదటి ఆలోచన. నమూనాలు కూడా తయారయ్యాయి. చివరికి ఏకాభిప్రాయం మాత్రం సారనాథ్‌లోని అశోక స్తంభం మీది సింహాల వైపు మొగ్గింది. 1949లో భారత ప్రభుత్వం విడుదల చేసిన కొత్త రూపాయి నోటులో పాత అలంకారమంతా దాదాపు అలాగే ఉంచి, రాజు బొమ్మ ఉన్న చోట మాత్రం సింహాలను నిలబెట్టారు. చట్టరీత్యా అప్పటికి ఆరో జార్జి ఇంకా మన రాజే. 1950 జనవరి 26న గణతంత్రం వచ్చేదాకా మనం డొమినియన్‌గానే ఉన్నాం. రాజ్యాంగం రాజును తొలగించే లోపే రూపాయి నోటు ఆ పని చేసేసింది.

గాంధీని ఎందుకు వద్దనుకున్నారు? గౌరవం లేక కాదు. 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చిన మొదటి ఏటి పండుగనాడే, ఆయన బొమ్మతో తపాలా బిళ్ళలు వచ్చాయి. పది రూపాయల బిళ్ళ కూడా అందులో ఉంది. తపాలా బిళ్ళకు సరేనన్నవాళ్ళు నోటుకు ఎందుకు ఆగారన్నది ఆలోచించాల్సిన విషయం.

నాకు తోచిన సమాధానం ఇది. బిళ్ళ అంటించేది ఒక ఉత్తరం మీద, ఒకసారి. నోటు సంగతి వేరు. అది ఒక ప్రమాణపత్రం. ఇంత సొమ్ము చెల్లిస్తానని గవర్నరు సంతకం పెట్టి ఇచ్చే మాట. రాజుల కాలంలో ఆ మాట వెనక నిలబడింది ఒక మనిషి, కాబట్టి ఆయన ముఖం పెట్టారు. గణతంత్రంలో ఆ మాట ఇచ్చేది ఏ ఒక్క మనిషీ కాదు, మొత్తం రాజ్యం. రాజు ముఖం తీసి అదే చట్రంలో మరొకరి ముఖం పెడితే, ఆయన ఎంత మహాత్ముడైనా, చూసేవారికి కొత్త రాజు వచ్చినట్టే కనిపించేది. పైగా ఆస్తి వద్దన్న మనిషిని ఆస్తికే గుర్తుగా నిలబెట్టడంలో ఇబ్బంది ఉండనే ఉంది.

సింహాల ఎంపికలో ఉన్న తెలివి కూడా గమనించాలి. అది అశోకుడి ముఖం కాదు, అశోకుడు నిలబెట్టిన స్తంభం. 1904-05లో సారనాథ్ తవ్వకాల్లో బయటపడి, 1950లో దేశపు రాజముద్ర అయింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికీ అశోకుడి శాసనాలున్నాయి. ఉత్తరాది వారికీ దక్షిణాది వారికీ పరాయి కాని చిహ్నం అది. ఏ కులమూ, ఏ పార్టీ, ఏ ప్రాంతమూ ఇది మాదే అని లాక్కోలేనిది.

బొమ్మ గొడవ తీరినా భాష గొడవ మిగిలింది. 1953లో కొత్త నోట్ల మీద హిందీని ప్రముఖంగా వేయాలనుకున్నప్పుడు ‘రుపయా’కు బహువచనం ఏమిటన్న చర్చ నడిచింది. చివరికి ‘రుపియే’ గెలిచింది. ఒక్క మాట గుణింతం మీద దేశం తర్జనభర్జన పడిందంటే నవ్వు రావచ్చు గానీ, కోట్లాదిమంది చదివే కాగితం మీద వ్యాకరణం కూడా రాజ్య వ్యవహారమే.

వెనకవైపు రాసుకున్న ఆత్మకథ

ముందువైపు సింహాలు నిలకడగా ఉంటే, వెనకవైపు బొమ్మలు మాత్రం కాలంతో పాటు మారుతూ వచ్చాయి. నా దృష్టిలో దేశం తన ఆత్మకథ రాసుకున్నది అక్కడే.

యాభైల్లో రెండు రూపాయల నోటు మీద పులి, అయిదు మీద జింకలు, పది మీద తెరచాప పడవ, వంద మీద ఏనుగులు. అడవి, సముద్రం, జంతువులు. 1954లో వచ్చిన వెయ్యి రూపాయల నోటు మీద తంజావూరు ఆలయం, అయిదు వేల నోటు మీద గేట్‌వే ఆఫ్ ఇండియా. ఆ పెద్ద నోట్లను 1978లో రద్దు చేశారు. మనలో ఎక్కువమంది వాటిని చూసి ఉండరు.

డెబ్బైలు, ఎనభైలు వచ్చేసరికి దేశం తనను తాను చూసుకునే తీరు మారింది. వంద నోటు మీదకు హీరాకుడ్ ఆనకట్ట వచ్చింది. రూపాయి నోటు మీద సముద్రంలో చమురు బావి, రెండు రూపాయల మీద ఆర్యభట్ట, అయిదు మీద పొలం దున్నే ట్రాక్టరు. పది మీద నెమలి, ఇరవై మీద కోణార్క చక్రం కళకు గుర్తుగా నిలిచాయి. యాభై మీద పార్లమెంటు. మన సాంఘికశాస్త్రం పుస్తకంలో పంచవర్ష ప్రణాళికల పాఠం, సామాన్యశాస్త్రంలో ఉపగ్రహాల పాఠం, రెండూ కలిపి జేబులో పెట్టుకు తిరిగామన్నమాట. పాఠం మరిచిపోయినవాడికి కూడా ఆ ట్రాక్టరు గుర్తుండే ఉంటుంది.

గాంధీ వచ్చిన దారి

గాంధీ ఒక్కసారిగా రాలేదు. మూడు అంచెల్లో వచ్చారు. 1969లో ఆయన శతజయంతి సందర్భంగా, సేవాగ్రామ్ ఆశ్రమం నేపథ్యంలో కూర్చున్న గాంధీ బొమ్మతో స్మారక నోట్లు వచ్చాయి. అది పండుగ గౌరవం. 1987 అక్టోబరులో అయిదు వందల రూపాయల నోటు వచ్చినప్పుడు ఆయన ముఖం దాని మీద కనిపించింది. ధరలు పెరిగి చిన్న నోట్ల కట్టలు మోయలేని పరిస్థితి వచ్చినప్పుడు పుట్టిన నోటు అది. దాని వాటర్‌మార్కులో మాత్రం ఇంకా సింహాలే ఉన్నాయి.

మూడోది 1996. ఆ ఏడాది మొదలైన ‘మహాత్మాగాంధీ శ్రేణి’తో ఆయన ఒక్కొక్క నోటు మీదకూ వచ్చారు. వాటర్‌మార్కులోకీ వచ్చారు. సింహాలు చిన్నవై ఒక మూలకు జరిగాయి. దీని వెనకున్న కారణం భక్తి ఒక్కటే కాదు. రంగుల ఫొటోకాపీ యంత్రాలు, స్కానర్లు బాగుపడి పాత రక్షణ గుర్తులు చాలడం లేదని రిజర్వు బ్యాంకు గుర్తించింది. కొత్త వాటర్‌మార్కు, కాగితంలో నేసినట్టు కనిపించే భద్రతా దారం, వంచి చూస్తే కనిపించే దాగిన అంకె, వేలితో తడిమితే తగిలే ఉబ్బెత్తు ముద్రణ, ఇవన్నీ ఆ శ్రేణితోనే వచ్చాయి. చూపులేనివారు గుర్తుపట్టడానికి వందకు త్రిభుజం, అయిదు వందలకు వృత్తం ఉబ్బెత్తుగా పెట్టారు. కావాలంటే ఇప్పుడే తడిమి చూడండి.

ఈ భద్రత లెక్కలో మనిషి ముఖానికి ప్రత్యేకమైన విలువ ఉంది. భవనంలో ఒక కిటికీ గీత తప్పితే మనం గమనించం. తెలిసిన ముఖంలో కనుబొమ వంకర పోతే వెంటనే ఏదో తేడాగా ఉందే అనుకుంటాం. నిత్యం చూసే ముఖం ఎంత పరిచితమైతే నకిలీ అంత తొందరగా దొరుకుతుంది. విక్టోరియా రాణిని దించింది దొంగనోట్లేనని ముందు చెప్పుకున్నాం. గాంధీజీని అన్ని నోట్ల మీదకూ ఎక్కించడంలో కూడా దొంగనోట్ల భయానికి పాత్ర ఉంది. ఆ నవ్వే ముఖం చిత్రకారుడి ఊహ కాదు. 1946లో వైస్రాయి భవనంలో బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్ పక్కన నిలబడి ఉండగా తీసిన ఫొటోలోది.

నోటు మీద ఏముండాలో తేల్చేది ఎవరు? 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 25వ సెక్షను ప్రకారం బ్యాంకు కేంద్ర బోర్డు సిఫారసు చేస్తుంది, కేంద్ర ప్రభుత్వం ఆమోదిస్తుంది. రూపాయి నోటు ఒక్కటి వేరు. అది ప్రభుత్వమే జారీ చేసేది. దాని మీద గవర్నరు సంతకం బదులు ఆర్థికశాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, చెల్లిస్తానన్న ప్రమాణం ఉండదు. ఇతర నాయకుల బొమ్మలూ వేయాలన్న కోరికలు తరచూ వస్తూనే ఉన్నాయి. 2010లో దీన్ని పరిశీలించిన రిజర్వు బ్యాంకు కమిటీ, దేశపు స్వభావానికి గాంధీజీ కన్నా మెరుగైన ప్రతినిధి మరొకరు లేరని తేల్చింది. ఆ సంగతి 2014లో ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ లోక్‌సభకు తెలిపారు. 2022 జూన్‌లో ఠాగూర్, కలాం బొమ్మలు కూడా వస్తాయని పత్రికల్లో వార్తలు రాగానే, అలాంటి ప్రతిపాదనేదీ లేదని రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది.

ఇతరులు ఎలా ఎంచుకున్నారు

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1860లలో స్పెన్సర్ క్లార్క్ అనే నోట్ల ముద్రణ అధికారి అయిదు సెంట్ల నోటు మీద ఏకంగా తన ముఖమే అచ్చు వేయించుకున్నాడు. కాంగ్రెసు మండిపడి, బతికున్న మనిషి బొమ్మ నోట్ల మీద వేయరాదని 1866లో చట్టం చేసింది. ఒక ఉద్యోగి గొప్పలకు పోయిన ఫలితంగా పుట్టిన ఆ నియమం మంచి నియమం.

యూరోలో ఎన్నో దేశాలు కలిసి ఒకే నోటు వాడాలి. మా బీతోవెన్ అని ఒకరు, మా డావిన్చి అని ఇంకొకరు అంటే తెగేది కాదు. అందుకే ఆస్ట్రియా చిత్రకారుడు రాబర్ట్ కలీనా ఎక్కడా లేని కిటికీలు, ద్వారాలు, వంతెనలు ఊహించి గీశాడు. 2002లో ఆ నోట్లు చలామణీలోకి వచ్చాయి. తర్వాత నెదర్లాండ్స్‌లోని స్పైకెనిస్సె అనే ఊరు ఆ ఊహా వంతెనలను నిజంగానే కట్టించింది! దక్షిణాఫ్రికా సింహం, ఏనుగు లాంటి అడవి జంతువులతో కాలం గడిపి, 2012లో అన్ని నోట్ల మీదా మండేలాను తెచ్చింది. మనం సింహాల నుంచి గాంధీకి నడిచిన దారే అది.

బ్రిటన్‌లో జనం నోరు విప్పారు. రాజవంశం కాని చారిత్రక వ్యక్తిగా షేక్‌స్పియర్ 1970లో మొదట నోటెక్కాడు. 2013లో అయిదు పౌండ్ల నోటు మీది ఎలిజబెత్ ఫ్రై స్థానంలో చర్చిల్‌ను పెడతామన్నారు. అప్పుడు రాణి తప్ప నోట్ల మీద ఇంకో స్త్రీ మిగలదని కరోలిన్ క్రియాడో పెరెజ్ ఉద్యమం నడిపారు. పది పౌండ్ల నోటు మీదకు జేన్ ఆస్టెన్ వచ్చింది. ఎంపిక పద్ధతే మారింది. యాభై పౌండ్ల నోటుకు శాస్త్రవేత్తను సూచించమంటే 2,27,299 ప్రతిపాదనలు వచ్చాయి. అర్హులైన శాస్త్రవేత్తలు 989 మంది తేలారు. వడపోత తర్వాత మిగిలిన పన్నెండు ప్రతిపాదనల్లో మన శ్రీనివాస రామానుజన్ ఒకరు. చివరికి ఎంపికైంది ఎలన్ ట్యూరింగ్. 1952లో స్వలింగ సంబంధం నేరమని కోర్టుకీడ్చిన దేశమే 2021లో, ఆయన పుట్టినరోజైన జూన్ 23న, ఆయన ముఖంతో నోటు విడుదల చేసింది. నోటు మీద బొమ్మ ఒక్కోసారి క్షమాపణ కూడా అవుతుంది.

మరి మనవాళ్ళు?

ఇక్కడ ఒక తెలుగువాడి మనసులో మెదిలే ప్రశ్న అడుగుతాను. ఇప్పుడు చలామణీలో ఉన్న కొత్త శ్రేణి చూడండి. పది మీద కోణార్క, ఇరవై మీద ఎల్లోరా, యాభై మీద హంపి, వంద మీద గుజరాత్‌లోని రాణీకీ వావ్ మెట్లబావి, రెండు వందల మీద సాంచి, అయిదు వందల మీద ఎర్రకోట. తెలుగు నేల మీది కట్టడం ఒక్కటీ లేదు. ఈ ఆరూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నవే. ఈ నోట్లన్నీ 2016-19 మధ్య వచ్చాయి. మన రామప్ప గుడి ఆ జాబితాకెక్కింది 2021లో.

చిన్నబుచ్చుకోవాల్సిన పనిలేదు. అసలు చదవడం తెలిస్తే ఆ బొమ్మల్లో మనమూ ఉన్నాం. హంపిని ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది తెలుగులో. సాంచి దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు దగ్గరి శిల్పుల పెద్ద ఆనందుడు చేసిన దానం చెక్కి ఉంది, అంటే శాతవాహనుల పేరు అక్కడుంది. ఎర్రకోట మీద ఎగిరే జెండాకు మూలమైన నమూనాను పింగళి వెంకయ్య 1921లో బెజవాడలోనే గాంధీజీకి అందించారు. 2023లో ఉపసంహరించిన రెండు వేల నోటు మీది మంగళయాన్ 2013 నవంబరు 5న ఎగిరింది మన శ్రీహరికోట నుంచే. సంతకాల సంగతికొస్తే, ఎం. నరసింహం, వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు గవర్నర్లుగా సంతకాలు చేసినవారే. వీటన్నిటికీ మించి వెనకవైపు పదిహేను భాషల పట్టీలో కింద నుంచి రెండో వరస మనది. నోటు మీద ఏ మహానుభావుడికీ లేని భాగ్యం అది. బొమ్మ ఒక్కరిదే, అక్షరం మాత్రం అందరిదీ.

నిజంగా లోటు అనిపించేది మరొకటి. స్వతంత్ర భారత నోటు మీద పేరున్న స్త్రీ చిత్రపటం ఇంతవరకు రాలేదు. నాణేల మీద వచ్చింది, నోటు మీద రాలేదు. వంద నోటు మీది మెట్లబావి పదకొండో శతాబ్దంలో ఉదయమతి రాణి భర్త జ్ఞాపకార్థం కట్టించినది. ఒక స్త్రీ చేసిన పని నోటెక్కింది, ఆమె పేరు మాత్రం ఎక్కలేదు. ముందువైపు గాంధీజీని కదపమని నేను అనను. ప్రతి రాష్ట్రమూ, ప్రతి వర్గమూ తన మహనీయుణ్ణి ముందుకు తోస్తే ఎంపిక కాస్తా ఎన్నికవుతుంది. ఓడినవారి అభిమానులకు ఆ నోటు పట్టుకున్నప్పుడల్లా పుండు మీద కారమే. ముందువైపు ఒకే ముఖం ఉండటం వల్ల ఆ తగవు తప్పింది. కాని వెనకవైపు మన చరిత్రలో మొదటినుంచీ మారుతూ వచ్చినదే. పులి నుంచి ట్రాక్టరుకు, ట్రాక్టరు నుంచి గుడికి మారగలిగినప్పుడు, గుడి నుంచి ఒక సావిత్రీబాయి ఫూలేకో ఒక దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కో మారలేదా?

ఉపాధ్యాయ మిత్రులకు

మన బడిలో పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఒక పీరియడ్ ఈ పని అప్పగించి చూడండి: “మన దేశానికి కొత్త నోటు తయారుచేయండి.” నియమాలు నాలుగు. బతికున్నవారి బొమ్మ కూడదు. తరగతిలో ఓట్లు వేయకూడదు, మాట్లాడుకుని అందరూ ఒప్పుకోవాలి. చూపులేనివారు తడిమి గుర్తుపట్టే గుర్తు ఒకటి ఉండాలి. చివరిగా, ఎవరిని వదిలేశారో, ఎందుకు వదిలేశారో ఒక పేరా రాయాలి. నాలుగోదే అసలు పాఠం. ఎవరిని ఎంచుకున్నామో చెప్పడం తేలిక. వదిలేసినవారికి జవాబు చెప్పగలిగినప్పుడే ఆ ఎంపిక నిలుస్తుంది. 1949లో గాంధీజీ నమూనాను పక్కన పెట్టినవాళ్ళకు ఆ జవాబు తెలుసుననే నా నమ్మకం.

పూర్వ విద్యార్థులకూ ఒక మాట. మీ ఇంట్లో పాత పెట్టెల్లో పులి బొమ్మ రెండు రూపాయల నోటో, 1969 నాటి సేవాగ్రామ్ నోటో, తాతగారు దాచిన హాలీ సిక్కా నోటో ఉంటే, వచ్చే సమ్మేళనానికి తీసుకురండి. వరసగా అద్దాల చట్రంలో పెట్టి మన బడి గ్రంథాలయానికి ఇద్దాం. పిల్లలు బ్యాచ్‌లవారీగా దేశచరిత్ర చదువుకుంటారు. 2016లో రద్దయిన అయిదు వందలు, వెయ్యి నోట్లు కూడా ఒకటో రెండో తెస్తే మంచిదే. మామూలుగా అలాంటివి పదికి మించి దగ్గర ఉంచుకోకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది కాబట్టి, కట్టలు మాత్రం తేకండి!